సంచిలో ఇమిడే కంప్యూటరు – కొనేముందు కొన్ని మాటలు

కంప్యూటరు అంటే ఒకనాడు చల్లని గదిలో పెట్టి, గుమ్మం బయట చెప్పులు విడిచి వెళ్ళి దర్శనం చేసుకోవలసిన యంత్రమని మన సీనియర్ లెక్చరర్లు నవ్వుతూ చెబుతుంటారు. ఈనాడు అది నోటుబుక్కుల నడుమ సంచిలో ఇమిడే వస్తువైంది. అయితే సంచిలో పట్టినంత మాత్రాన మన చదువుకూ, మన జేబుకూ తగినదని చెప్పడానికి వీల్లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల నుంచి వచ్చి చదువుకునే మనలో చాలామంది ఇండ్లలో ఆ డబ్బు పల్లీల నుంచో, సీడు పత్తి నుంచో, మగ్గం మీద నుంచో రావాలి. ఒకసారి కొన్నది నచ్చలేదని మరునాడు మార్చుకునే స్తోమత మనకు లేదు. అందుకే 25 వేల రూపాయల లోపు చిన్న లాప్‌టాప్ కొనదలచిన మిత్రుల కోసం, నేను చదివి, అడిగి, విప్పి చూసి తెలుసుకున్న సంగతులను ఇక్కడ వ్రాస్తున్నాను.

నేను బి.యస్సీ. చివరి సంవత్సరం, భౌతికశాస్త్ర విద్యార్థిని. మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో వ్యవసాయ కుటుంబం. లాప్‌టాప్ మాట ఎత్తినప్పుడు మా నాయన వేసిన ప్రశ్న ఒక్కటే: “ఎంతకొస్తదని అడుగుతలేను కొడుకా, ఎన్నేండ్లొస్తది చెప్పు.” దుకాణంలో నాకు ఎవరూ వేయని ప్రశ్న ఇది. ఈ వ్యాసమంతా దానికి నేను వెతుక్కున్న జవాబే అనుకోండి.

మొదట కొంచెం చరిత్ర చూద్దాం. చవకగా, చిన్నగా కంప్యూటరు చేయాలన్న ఆశ కొత్తది కాదు. 2007లో తైవాన్‌కు చెందిన ఆసుస్ కంపెనీ ‘ఈ పీసీ’ అనే బుల్లి యంత్రాన్ని తెచ్చింది. 7 అంగుళాల తెర, కిలోకు లోపు బరువు, 4 జీబీ నిల్వ. ప్రపంచమంతా నెట్‌బుక్కుల మోజులో పడింది. అయిదారేండ్లకే ఆ మోజు తీరిపోయింది. తెర ఇరుకు, మీటలు ఇరుకు, లోపల చోటూ ఇరుకు. 2009 ఫిబ్రవరి 3న మన తెలుగు గడ్డ మీదనే, తిరుపతిలో, ‘పది డాలర్ల లాప్‌టాప్’ అని దేశమంతా ఎదురుచూసిన వస్తువును కేంద్ర ప్రభుత్వం చూపించింది. అంటే అప్పటి లెక్కన అయిదువందల రూపాయలు! తీరా చూస్తే అది లాప్‌టాపే కాదు, సమాచారం దాచుకునే ఒక చిన్న పెట్టె. తరువాత 2011 అక్టోబరు 5న ఢిల్లీలో ‘ఆకాశ్’ టాబ్లెట్ వచ్చింది. డేటావిండ్ అనే కంపెనీది. బిగించింది మన హైదరాబాదులోనే. ప్రభుత్వానికి పడిన ధర సుమారు 2,250 రూపాయలు. లోపల 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ మెమరీ. వేలు ఆనిస్తే చాలదు, గట్టిగా నొక్కితే గాని పలకని తెర. ఆశయం గొప్పదే, ఇంత చవకగా చేయవచ్చుననే ధైర్యం ఇచ్చింది కూడా. కాని ధరను ముందు ఖాయం చేసి, ఆ ధరలో పట్టేదాకా యంత్రాన్ని కోస్తూ పోతే చివరికి మిగిలేది ఎంత అన్నది ఈ రెండు ఉదంతాలలో కనబడుతుంది. ఈనాటి పదిహేను వేల లాప్‌టాప్‌లను కూడా ఈ కంటితోనే చూడాలి: ధర తగ్గించడానికి ఎక్కడ కోశారు?

నా ఉద్దేశ్యంలో కోతలు రెండు రకాలు. తరువాత మనం బాగుచేసుకోగల కోతలు, ఎన్నటికీ బాగుచేసుకోలేని కోతలు. బ్యాటరీ పాతబడితే మార్చవచ్చు. నడిపే సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే మార్చవచ్చు. కాని బోర్డుకు టంకం వేసి అతికించిన మెమరీని మార్చలేం. తెర ఇరుకైతే సాగదీయలేం. బరువును చెక్కలేం. కనుక కొనేటప్పుడు ధర చీటీ కన్నా ముందు, మార్చలేని వాటిని చూడాలి. మా నాయన అడిగిన ‘ఎన్నేండ్లు’ అన్నదానికి జవాబు ఇక్కడే ఉంది.

వాటిలో మొదటిది మెమరీ, రెండవది నిల్వ. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం మనలో చాలా ఎక్కువ. “నాది 64 జీబీ” అని ఒకరంటే, “నాది 8 జీబీయే” అని మరొకరు చిన్నబుచ్చుకోవడం హాస్టల్లో విన్నాను. పల్లె లెక్కలో చెబితే ఇట్లా ఉంటుంది. నిల్వ అంటే ఇంట్లో ధాన్యం పోసే గుమ్మి. మెమరీ అంటే కల్లం. గుమ్మి ఎంత పెద్దదైనా పని జరిగేది కల్లంలోనే. పల్లి ఆరబోయాలన్నా, రాశి ఎత్తాలన్నా అక్కడ జాగా ఉండాలి. కల్లం ఇరుకైతే ఏం చేస్తాం? కొంత ఎత్తి గుమ్మిలో పోసి, మిగతాది ఆరబెట్టి, మళ్ళీ దాన్ని ఎత్తి దీన్ని దించి – రోజంతా మోయడమే సరిపోతుంది. కంప్యూటరు కూడా అచ్చం అదే చేస్తుంది. మెమరీ నిండగానే అప్పుడు వాడని భాగాన్ని నిల్వలోకి తోసి, అవసరం పడినప్పుడు మళ్ళీ లాక్కుంటుంది. మనకు మాత్రం తెర మీద చక్రం తిరుగుతూ కనబడుతుంది.

చవక లాప్‌టాప్‌లో ఈ రెండూ కలిసి వస్తాయి: 4 జీబీ మెమరీ, 64 జీబీ ఈఎంఎంసీ నిల్వ. ఈఎంఎంసీ అన్నది ఫోన్లలో వాడే రకం చిప్పు. దాని ప్రమాణం ప్రకారం గరిష్ఠ వేగమే సెకనుకు 400 ఎంబీ. మామూలు సాటా ఎస్ఎస్‌డీ 500 దాటుతుంది. ఎన్‌వీఎంఈ రకమైతే రెండు వేలు పైమాటే. అంటే కల్లం ఇరుకు, గుమ్మికి పోయే దారీ ఇరుకు. అది చాలదన్నట్టు, ఈ చిప్పు బోర్డుకే అతికి ఉంటుంది. ఇటువంటి చిప్పులు చెరిపి వ్రాసిన ప్రతిసారీ కొంత అరుగుతాయి. మెమరీ చాలక ఎడతెగకుండా తోసి లాగుతుంటే ఆ అరుగుదల ఎక్కువవుతుంది. ఎస్ఎస్‌డీ పోతే విప్పి కొత్తది పెట్టుకుంటాం. ఈఎంఎంసీ పోతే బోర్డుతో సహా పోయినట్టే లెక్క. విండోస్ 11కు కనీసం 4 జీబీ మెమరీ, 64 జీబీ నిల్వ కావాలని మైక్రోసాఫ్ట్ వారే అన్నారు. దుకాణదారు ఆ మాటనే చూపించి “సరిపోతది సార్” అంటాడు. కనీసం అంటే లోపలికి రానిస్తుందని అర్థం, హాయిగా కూర్చోనిస్తుందని కాదు. మన బస్సులో ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాడు కూడా ఊరికి చేరతాడు గదా!

కనుక నా మాట: 8 జీబీ మెమరీ, విప్పి మార్చుకోగల ఎస్ఎస్‌డీ – ఈ రెంటికి తగ్గవద్దు. ఎస్ఎస్‌డీ 128 జీబీ అయినా పరవాలేదు, తరువాత పెంచుకోవచ్చు. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. అంచేత “ఇప్పుడు 4 కొని తరువాత వేసుకుందాం” అన్న లెక్క మునుపటంత చవక కాదు. ఉన్నదే కొనడం మేలు.

ఇక ప్రాసెసరు. దీని గురించి దుకాణంలో జరిగేంత మాయ మరెక్కడా జరగదు. “ఐ5 ఉంది సార్” అంటే మనం తల ఊపుతాం. ఐ5 అన్నది ఇంటిపేరు వంటిది; తాత పేరూ అదే, మనవడి పేరూ అదే. దాని పక్కన ఉండే అంకె చూడాలి. ఐ5-7200యూ అంటే 7వ తరం, ఐ5-8250యూ అంటే 8వ తరం. వినడానికి ఒక్క మెట్టే తేడా. కాని మొదటిదానిలో పనిచేసే కోర్లు 2, రెండవదానిలో 4. అంటే ఇద్దరు కూలీలకు బదులు నలుగురు. విండోస్ 11 అధికారికంగా ఒప్పుకునేది కూడా, అరుదైన మినహాయింపులు వదిలేస్తే, 8వ తరం నుంచే. కొత్త చవక యంత్రాలలో సెలెరాన్ ఎన్4020 వంటివి వస్తాయి – రెండే కోర్లు. 2023లో వచ్చిన ఎన్100 అనే ఇంటెల్ చిప్పు మాత్రం వాటికన్నా ఎంతో మెరుగు: నాలుగు కోర్లు, కరెంటు వాడకం బహు తక్కువ. కొత్తదే కావాలనుకునేవారు ఎన్100, 8 జీబీ, ఎస్ఎస్‌డీ మూడూ కలిసి దొరికితే సందేహించనక్కరలేదు. చదువుకు కావలసిన పైథాన్ లెక్కలు, రికార్డులు, పాఠాల వీడియోలు అన్నీ అది లాగుతుంది. పెద్ద ఆటలు లాగదు. అది మన తల్లిదండ్రులకు శుభవార్తే.

బరువు సంగతికి వద్దాం. గద్వాలకు రైలుంది. వనపర్తి పేరుతో ఒక స్టేషనుంది గాని ఊరికి దూరం. నాగర్‌కర్నూల్ పట్టణానికి రైలే లేదు. అందుచేత మనలో ఎక్కువమంది ప్రయాణం బస్సులోనే, అందులోనూ నిలబడి. 15.6 అంగుళాల లాప్‌టాప్ మామూలుగా కిలోముప్పావు దగ్గర తూగుతుంది. చార్జరు, నోట్సులు, టిఫిన్ డబ్బా కలిస్తే భుజం చెబుతుంది తక్కిన మాట. 12.5 నుంచి 14 అంగుళాల లోపు అయితే కిలోంబావు నుంచి కిలోన్నర. 11.6 కన్నా చిన్న తెర మీద రెండు పుటలు పక్కపక్కన పెట్టుకుని చదవడం కష్టం. నా ఎంపిక 12.5 లేదా 13.3.

తెరలో కూడా రెండు జాతులున్నాయి, టీఎన్, ఐపీఎస్ అని. టీఎన్ తెరను కొంచెం పక్కనుంచో కిందనుంచో చూస్తే రంగు మారిపోతుంది. రికార్డు వ్రాసుకునేవారికి ఇది పెద్ద లోపం కాదు. కాని మా తరగతిలో ఒక మిత్రురాలిది గద్వాల చేనేత కుటుంబం. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు అతికే మన గద్వాల నేత అందరికీ తెలిసిందే. వాళ్ళింట్లో చీరల ఫోటోలు చూసి, సరిదిద్ది, దూరపు ఊర్ల వాళ్ళకు పంపేది ఈ అమ్మాయే. టీఎన్ తెర మీద వంగపండు రంగు ఒక వైపు నుంచి ఊదాగానూ, మరో వైపు నుంచి గోధుమగానూ కనబడితే, చీర చేరిన తరువాత “ఇది కాదు మేమడిగింది” అనే ఫోను వస్తుంది. ఆమెకు ఐపీఎస్ తెర విలాసం కాదు, వ్యాపార సాధనం. అవసరం అంటే ఇదే – ఎవరి ఇంటి పనిని బట్టి వారిది.

బ్యాటరీ విషయంలో మన భౌతికశాస్త్రం కొంత అక్కరకొస్తుంది. కొందరు అమ్మకందార్లు “5000 ఎంఏహెచ్” అని ఫోను లెక్క చెబుతారు. ఆ అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, వోల్టేజితో గుణించాలి. ఫోనులో 5000 ఎంఏహెచ్ అంటే 3.85 వోల్టుల వద్ద సుమారు 19 వాట్-అవర్లు. అదే అంకె 7.6 వోల్టుల లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంటే 38 వాట్-అవర్లు, అంటే దాదాపు రెట్టింపు. కనుక అడగవలసింది వాట్-అవర్లు ఎన్ని అని. వ్రాతపనికి, చదవడానికి చిన్న లాప్‌టాప్ సుమారు 7 వాట్లు తీసుకుంటుందనుకుంటే 38ని 7తో భాగించండి, దాదాపు అయిదున్నర గంటలు. పెట్టె మీద పన్నెండు గంటలని అచ్చువేసిన చోట ఈ భాగాహారం చేసి చూస్తే నిజం బయటపడుతుంది. ఎండాకాలం గాలిదుమారానికి స్తంభం ఒరిగి రాత్రంతా కరెంటు లేని ఊర్లు మనవి. నేను 5 గంటలకు తక్కువ వచ్చేదాన్ని సిఫారసు చేయను. చార్జింగు యూఎస్‌బీ-సీ ద్వారా అయితే మరీ మంచిది; చార్జరు పోయినా, మరచిపోయినా పక్కవాడిది పనికివస్తుంది. అయితే తగినన్ని వాట్లు ఇచ్చేది కావాలి, అన్ని ఫోను చార్జర్లూ చాలవు.

ఇప్పుడు అసలు విషయం. 8 జీబీ, ఎస్ఎస్‌డీ, మంచి తెర, కిలోంబావు బరువు – ఇవన్నీ కొత్తదానిలో కావాలంటే మన 25 వేలు దాటిపోవడం ఖాయం. అందుకని నేను పాతవాటి వైపు చూశాను. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకు ఇచ్చిన లాప్‌టాప్‌లను కొన్నేండ్లకు మొత్తంగా మార్చేస్తాయి. అవి హైదరాబాదు చేరి, సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల దుకాణాలలో అమ్మకానికి వస్తాయి. ఒకప్పుడు కొత్తగా లక్ష దగ్గర పలికిన యంత్రాలు నేను విచారించినప్పుడు 15 నుంచి 25 వేల మధ్య ఉన్నాయి. వాటి బందులు గట్టివి, మీటలు హాయిగా ఉంటాయి, విప్పడం సులభం, విడిభాగాలు దొరుకుతాయి.

ఇక్కడా కన్ను తెరిచే ఉండాలి. లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్270, ఎక్స్280 రెండూ 12.5 అంగుళాలవే, చూపుకు అన్నదమ్ములే. ఎక్స్270లో మెమరీ పలక విప్పి మార్చుకోవచ్చు, కాని దానిలోది 6 లేక 7వ తరం చిప్పు. ఎక్స్280లో 8వ తరం దొరుకుతుంది, కాని మెమరీని బోర్డుకు అతికించేశారు. 4 జీబీది కొంటే ఎప్పటికీ 4 జీబీయే. డెల్ లాటిట్యూడ్ 7290, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 830 జీ5 – ఈ రెండింటిలో మెమరీ మార్చుకోవచ్చు, 8వ తరం చిప్పుతో దొరుకుతాయి. అయినా మూత మీది పేరు చూసి నమ్మరాదు. యంత్రాన్ని వెలిగించి సిస్టమ్ వివరాలలో చిప్పు అంకె చదవాలి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసిపోయింది. కాబట్టి 6, 7 తరాలవి మరీ చవకగా ఇస్తామంటే ఎందుకిస్తున్నారో అర్థం చేసుకోవాలి. వాటిని లినక్స్‌తో నడుపుకోదలిస్తే మాత్రం నిజంగానే లాభసాటి బేరం.

మా దిక్కున ఎద్దును కొనేటప్పుడు ముందు నోరు తెరిపించి పండ్లు చూస్తారు. వయసు దాచడం ఎవరి తరమూ కాదు. పాత లాప్‌టాప్‌కు కూడా అటువంటి పండ్లున్నాయి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ విడిచి, వాలుగీత పెట్టి ‘బ్యాటరీరిపోర్ట్’ అని కొడితే ఒక నివేదిక తయారవుతుంది. అందులో బ్యాటరీ పుట్టినప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం పక్కపక్కనే ఉంటాయి. 45 వేలలో 30 వేలే మిగిలి ఉంటే మూడో వంతు పోయినట్టు. ఆ మేరకు బేరమాడవచ్చు. తరువాత తెల్లటి పుట తెరిచి తెర మీద మచ్చలు చూడండి. ప్రతి మీటా ఒక్కసారి కొట్టండి. మూతను ఒక చేత్తో సగం తెరిచి వదిలితే అక్కడే నిలవాలి. చార్జరు పిన్ను కొంచెం కదిపినా చార్జింగు ఆగకూడదు. యంత్రాన్ని ఆపి మళ్ళీ వెలిగిస్తూ బయాస్‌లోకి వెళ్ళి చూడండి. పాస్‌వర్డు అడిగితే, లేదా పాత కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే, ఎంత చవకైనా అక్కడే వదిలేసి రండి. బిల్లు మీద సీరియల్ నంబరు వ్రాయించుకోవాలి. దొంగసొత్తు కాదనడానికి మన చేతిలో ఉండే కాగితం అదొక్కటే.

కొత్తదే కావాలి, బజారు తిరిగే ఓపిక లేదనేవారి సంగతీ చెప్పాలి. 2023 జూలై చివర 16,499 రూపాయల ధరతో జియోబుక్ వచ్చింది – 11.6 అంగుళాలు, 990 గ్రాములు, 4 జీబీ మెమరీ, 64 జీబీ ఈఎంఎంసీ, సిమ్ సౌకర్యం. దాని మీద విండోస్ కాక జియోవారి సొంత వ్యవస్థ నడుస్తుంది. గూగుల్‌వారి క్రోమ్‌బుక్కులు కూడా ఈ కోవలోనివే. వీటిని నేను తీసిపారేయను. పాఠాలు వినడం, ఉత్తరాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, నోట్సు – అంతవరకే పనైతే, మోయడానికి ఇంతకన్నా తేలిక వస్తువు లేదు. బి.ఏ., బి.కాం. మిత్రులలో కొందరికి ఇవి చాలును. కాని మా సైన్సు ప్రాక్టికల్స్‌కు చెప్పే విండోస్ ప్రోగ్రాములు వీటిలో ఎక్కవు. క్రోమ్‌బుక్ కొంటే ఆ మోడల్‌కు అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయో ముందే చూడాలి. 2021 నుంచి వచ్చిన మోడళ్ళకు పదేండ్లు, పాతవాటిలో కొన్నింటికి అంతకన్నా తక్కువ కావచ్చు. సగం ధరకు వచ్చే క్రోమ్‌బుక్కులలో గడువు తీరినవి ఉండవచ్చు.

సాఫ్ట్‌వేర్ మీద పైసా ఖర్చు పెట్టనక్కర లేదన్నది నా గట్టి అభిప్రాయం. లినక్స్, లిబ్రేఆఫీస్, పైథాన్ ఉచితం. హైదరాబాదుకు చెందిన ‘స్వేచ్ఛ’ సంస్థవారు తెలుగులో పనిచేసే లినక్స్ కోసం ఏండ్లుగా కృషి చేస్తున్నారు. తెలుగు టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరిక విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ ముందే ఉంటుంది. రెండు వారాలు ఓపిక పడితే చేతికి వస్తుంది. ‘సురవరం’ అనే పేరుతో ఒక తెలుగు ఫాంటు కూడా ఉచితంగా దొరుకుతుంది. ఆ పేరు వింటే గద్వాల వైపు వాళ్ళకు ప్రతాపరెడ్డి గారు గుర్తుకు రాక మానరు.

ఇంకొక్క సంగతి, దుమ్ము. పత్తి ఏరే రోజుల్లో, పల్లి కొట్టే రోజుల్లో మన ఇండ్లలో గాలే నూగుగా ఉంటుంది. ఫ్యాను ఉన్న లాప్‌టాప్ ఆ నూగును లోపలికి పీల్చి గొంతు పూడ్చుకుంటుంది. అప్పుడు వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆరునెలలకొకసారి అడుగు పలక విప్పి మెత్తటి బ్రష్‌తో తుడవాలి. ఫ్యాను లేని ఎన్100 రకాలకు ఈ బాధ లేదు, కాని నడివేసవిలో రేకుల ఇంట్లో అవి కూడా మందగిస్తాయి. పరుపు మీద పెట్టి వాడటం ఏ రకానికైనా చేటే. కింద ఒక అట్టో, పీటో పెట్టుకోండి.

చివరకు నేను తీసుకున్నది పాతదే – 12.5 అంగుళాలది, 8వ తరం, 8 జీబీ, 256 జీబీ ఎస్ఎస్‌డీ. బ్యాటరీ అరిగి ఉన్నందుకు బేరమాడి ధర తగ్గించుకుని, ఆ మిగిలిన డబ్బుతో కొత్త బ్యాటరీ వేయించాను. ఈ వ్యాసం దాని మీదనే కొట్టాను, సగం హాస్టల్లో, సగం ఊర్లో. మొన్న మా నాయన పల్లి అమ్మిన లెక్క అందులో వేయించుకుని, మూతను రెండుసార్లు తెరిచి మూసి, “బందు గట్టిగనే ఉన్నది” అన్నాడు.

పాత యంత్రాన్ని పరీక్షించడానికి కావలసిన లినక్స్ పెన్‌డ్రైవ్ ఒకటి నా దగ్గర ఉంది. దానితో వెలిగిస్తే లోపలి నిల్వను ముట్టుకోకుండానే మెమరీ, చిప్పు, తెర, వైఫై అన్నీ చూసుకోవచ్చు. కొనడానికి వెళ్ళే మిత్రులు ముందురోజు సాయంత్రం హాస్టల్లో అడిగితే ఇస్తాను. మరునాడు తిరిగి ఇచ్చేయాలి, ఎందుకంటే ఇంకా ఇద్దరు వరుసలో ఉన్నారు.